గజ్జికి కానుగ నూనె

మేకలు, గొర్రెలు, గేదె దూడలకు పట్టే గజ్జి తరచుగా సార్కాప్టిస్ అనే సూక్ష్మమైన పురుగు వల్ల వస్తుంది. ఇది అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆడపురుగు పైచర్మంలో సొరంగం తొలుస్తూ అందులోనే గుడ్లు పెడుతుంది. 3 నుంచి 5 రోజుల్లో అవి పొదుగుతాయి, రెండు మూడు వారాల్లో మరో తరం సిద్ధమవుతుంది. మేకల్లో మూతి, చెవులు, కళ్ల చుట్టూ ముందు కనిపిస్తుంది. వెంట్రుకలు రాలి, చర్మం మందమై, బూడిదరంగు పెచ్చులు కడతాయి. దురద ఆపుకోలేక పశువు గుంజకు ఒరుసుకుంటూ మేత తగ్గించి చిక్కిపోతుంది.

పల్లెల్లో దీనికి వాడే మందులు కానుగ నూనె, వేప నూనె. కానుగ గింజలో కరంజిన్, వేప గింజలో అజాడిరక్టిన్ ఉంటాయి. అజాడిరక్టిన్ పురుగును అప్పటికప్పుడు చంపే విషం కాదు, ప్రధానంగా దాని ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కాబట్టి ఒక్కసారి రాసి ఫలితం లేదనడం ఆ నూనెకు అన్యాయం.

అసలు పనితనమంతా రాయడంలో ఉంది. పెచ్చు మీద పోసిన నూనెను పెచ్చే పీల్చుకుంటుంది, కిందనున్న పురుగు దాకా చేరదు. ముందు గోరువెచ్చని కుంకుడు రసంతో ఆ చోటు బాగా నాననివ్వాలి. పెచ్చులు మెత్తబడ్డాక కొబ్బరి పీచుతో, నెత్తురు రాకుండా, నిదానంగా తీయాలి. తడి ఆరాక నూనె మర్దనా చేయాలి. మచ్చ అంచు దాటి రెండు వేళ్ల మేర బాగున్న చర్మానికీ పట్టించాలి, ఎందుకంటే పురుగులు ఎక్కువగా ఉండేది ఆ అంచులోనే. నూనెకు గుడ్లన్నీ చావవు. వారానికోసారైనా, కనీసం మూడు వారాలు రాయాలి. ఒక్క మేకకు రాసి మిగతా మందను వదిలేస్తే జబ్బు మళ్లీ తిరిగి వస్తుంది.

చెట్టు మందు గదా అని ఏదైనా రాయకూడదు. సీతాఫలం గింజల పొడి పురుగును చంపుతుంది కానీ, కంట్లో పడితే కన్ను తీవ్రంగా దెబ్బతింటుంది. పొగాకు కషాయంలోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగి పిల్ల జీవాల ప్రాణం తీయగలదు.

నూనెతో లొంగని గజ్జీ ఉంది. డెమోడెక్స్ అనే పురుగు వెంట్రుక కుదుళ్లలో దాక్కుంటుంది, పైపూత అక్కడికి అందదు. ఒళ్లంతా పాకిన గజ్జికి కూడా జాప్యం చేయకుండా పశువైద్యశాలలో చర్మం గీకి పరీక్ష చేయించడమే మేలు. అక్కడ సాధారణంగా ఇచ్చే ఐవర్‌మెక్టిన్ మోతాదు పశువు బరువులో కిలోకు 0.2 మిల్లీగ్రాములు. పాలిచ్చే పశువుకు దీన్ని సొంతంగా వేయకూడదు, మందు పాలలోకి వస్తుంది.

పశువును ముట్టుకున్నవారి చేతులకు, పొట్టకు కూడా కొన్నాళ్లు దురద రావచ్చు. పశువుల గజ్జి పురుగు మనిషి ఒంటి మీద ఎక్కువ కాలం బతకదు. పశువుకు నయమై, కొట్టంలో పాత గడ్డి తీసేసి గుంజలు కడిగితే ఆ దురదా తగ్గిపోతుంది.