కాటిసీను – మన ఊరి చరిత్ర

ఇటీవల నాచారంలో ఒక రాత్రి హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీను చూచాను. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకమే. మన నటులు అందులో చేర్చుకున్న జాషువా శ్మశాన పద్యాలు రాగానే జనం వన్స్‌మోర్ అన్నారు. అంటరానితనాన్ని అనుభవించిన కవి (1895–1971) పద్యం పౌరాణిక వేషం నోట పలకడం సామాన్య విషయం కాదు. కాటిలో అందరూ సమానులేనన్నది ఆ పద్యాల సారం.

కాని అదే రంగంలో కాటి యజమాని వీరబాహుణ్ణి నవ్వులపాలు చేసినారు. రాజు కాటికాపరి అయితే కన్నీరు. కాటినే నమ్ముకొని బ్రతికేవాడు కనిపిస్తే నవ్వు! యీ న్యాయం ఎక్కడిది?

వేషం ఎవరి కోసమన్న ప్రశ్నకు మన రంగస్థలం ఒకసారి జవాబు చెప్పింది. 1947 నాటి 'మాభూమి'లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు తెలంగాణా రైతు కథనే నాటకం చేసినారు. ప్రజానాట్యమండలి దానిని ఊరూరా ఆడింది.

మరి ఉప్పల్, నాచారం కార్ఖానాలకు పొట్ట చేతబట్టుకొని వచ్చి, ఇక్కడి మట్టిలోనే కలిసిన కూలీల కథకు వేషం కట్టేదెవరు? వారికి గోతులు తీసిన చేతుల మాటేమిటి? కాటిసీను వద్దని నేననను. ఆ కాటిలోకి మన ఊరి మృతులను కూడా రానివ్వాలి. అప్పుడే ఆ పద్యాల సమానత్వం రంగస్థలం దిగి ఊళ్లోకి నడుస్తుంది.