మంట దగ్గరే తేలిపోయే రంగు

ఫోటాన్ జంటలు అనగానే అందరూ లేజర్ల గురించీ డిటెక్టర్ల గురించీ అడుగుతారు. నాకు మాత్రం అసలు పనితనమంతా అంతకుముందే, హైడ్రోజన్ మంట దగ్గరే కనిపిస్తుంది.

ఆ మంటలో పెట్టేది ఇంటర్నెట్ కేబుళ్లలో ఉండే మామూలు గాజు ఫైబరే. పైపూత ఒలిస్తే మందం 125 మైక్రాన్లు. ఆల్కహాల్‌తో తుడిచి, రెండు కొసలూ బిగించి, మధ్యలో మంట తగిలిస్తూ నిదానంగా లాగుతారు. తీగపాకంలా సాగి మైక్రాన్‌కి దిగుతుంది. అంత సన్నబడ్డాక కాంతి కొంత గాజు దాటి గాలిలో నడుస్తుంది. అందుకే కాస్త వేలి జిడ్డు మిగిలినా, ఒక్క దుమ్ము కణం వాలినా కాంతి అక్కడే చెదిరిపోతుంది. తుడవడాన్ని చిన్న పనిగా చూసేవాళ్లతో నాకు పేచీ.

గాజుని ఇలా సాగదీయడం పాత విద్యే. 1887లోనే ఇంగ్లండ్‌లో సి.వి. బాయ్స్ కరిగిన క్వార్ట్జ్‌ని బాణానికి అంటించి విల్లుతో వదిలి దారాలు తీశాడు. ఆ దారాలతోనే తర్వాత గురుత్వాకర్షణ స్థిరాంకాన్ని కొలిచాడు.

మన ఫైబర్‌కి వస్తే, ఇంత సన్నని దారిలో లేజర్ కాంతి ఇరుకునపడి తీవ్రమవుతుంది. అప్పుడు ఎప్పుడో ఒకసారి రెండు లేజర్ ఫోటాన్లు మాయమై, వాటి మొత్తం శక్తినే పంచుకుని వేరే రంగుల్లో మరో రెండు పుడతాయి. ఏ రంగుల్లో పుట్టాలన్నది ఎక్కువగా ఫైబర్ మందమే తేలుస్తుంది. 2013లో చైనా పరిశోధకులు 15 సెంటీమీటర్ల సన్నని ఫైబర్‌లో ఒక ఫోటాన్‌ని 1310 నానోమీటర్ల దగ్గర, దాని జంటని 851 దగ్గర పుట్టించారు. రెండూ కంటికి ఆనని రంగులే. లేజర్ రంగుకి చెరోవైపు అంత ఎడంగా పుట్టడమే నాకు ముచ్చటగా అనిపిస్తుంది. ఎందుకంటే గాజులో రామన్ ప్రక్రియ వల్ల పుట్టే జంటలేని ఫోటాన్లు లేజర్ రంగుకి దగ్గర్లోనే గుమిగూడతాయి. సాగదీయని మామూలు ఫైబర్‌లో జంటలూ అక్కడే పుడతాయి కాబట్టి, ఆ గోల తగ్గించడానికి ఫైబర్‌ని ద్రవ నైట్రోజన్‌లో ముంచినవాళ్లున్నారు. ఇక్కడ ఆ అవసరం రాలేదు. కానీ 15 సెంటీమీటర్ల పొడవునా మందం ఒకేలా ఉండాలి. పదుల నానోమీటర్ల తేడా వచ్చినా రంగు జరిగిపోతుంది.

ఇంతా చేస్తే, 1310 వైపు దక్కింది వెయ్యి లేజర్ పల్సులకి రెండు ఫోటాన్లు. లేజర్ పవర్ పెంచితే ఇంకా వస్తాయి, నిజమే. అయితే ఒకే పల్సులో రెండు జంటలు పుడితే ఎవరు ఎవరి జోడో చెప్పలేం. పవర్‌ని అదుపులో ఉంచబట్టే, జంటలో ఒక్కోదానికి పెట్టిన రెండు డిటెక్టర్లూ ఒకేసారి పలికిన సందర్భాలు కాకతాళీయంగా పలికినవాటికి 530 రెట్లు ఉన్నాయి. పవర్ పెంచుకుంటూ పోతే ముందు పడిపోయేది ఆ 530యే.