పొగలేని బండి: పొగగొట్టపు లెక్క

బొంతపల్లికి జనము రెండు పనులమీద వత్తురు. కొందరు వీరభద్రస్వామి దర్శనమునకు, తక్కినవారు మందుల కర్మాగారములలో పనికి. స్కూటర్లు, ఆటోలు, కార్మికుల బస్సులు, డీజిలు లారీలు ఆ దారిలో కలసియే నడచును. తెలంగాణ ప్రభుత్వపు విద్యుద్వాహన విధానమును పరీక్షించుటకు ఇది తగిన తావు.

2020 నాటి విధానము మొదటి 2 లక్షల ద్విచక్రవాహనములకు, 5 వేల సొంత కార్లకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును మాఫీ చేసినది. 2024 నవంబరు ఉత్తర్వు ఆ సంఖ్యాపరిమితిని తొలగించి, 2026 డిసెంబరు 31 వరకు గడువిచ్చినది. ఉద్దేశము మెచ్చదగినదే. కాని ఇట్టి బండ్లను గూర్చి వినబడు "కాలుష్యము సున్న" అను మాటను తూచి చూడవలెను.

లీటరు పెట్రోలు మండిన సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు పుట్టును. లీటరుకు 18 కిలోమీటర్లు పోవు కారు, కిలోమీటరుకు 128 గ్రాములు విడుచును. విద్యుత్కారు అదే దూరమునకు 0.15 యూనిటు వాడుననుకొందము. మన విద్యుత్తు ఎక్కువగా బొగ్గునుండి వచ్చుటచే యూనిటుకు సుమారు 0.7 కిలో వాయువు వెలువడును. అనగా 105 గ్రాములు. తీగలలోను, చార్జింగులోను పోవు నష్టమును చేర్చిన తేడా ఇంకను తగ్గును. స్కూటరు సంగతి వేరు. లీటరుకు 50 కిలోమీటర్లు పోవునది 46 గ్రాములు విడువగా, 0.03 యూనిటుతో నడచు విద్యుత్ స్కూటరు లెక్క 21 గ్రాములే. కారులో ఆదా ఐదవవంతుకు లోపు. స్కూటరులో సగమునకు పైన. వీధిలోని పొగ మాత్రము రెండింటను పోవును. ఊపిరితిత్తులకు అది చిన్న మేలు కాదు.

మరి మాఫీ ఎట్లున్నది? బండి ధర పెరిగిన కొలది పన్ను పెరుగును. కనుక ఖరీదైన కారు కొన్నవానికే పెద్ద కానుక. మేలెక్కువ చేయు స్కూటరుకు దక్కునది స్వల్పము. కర్మాగారములు తమ కార్మికులకై నడుపు విద్యుత్ బస్సులను 2024 ఉత్తర్వులో చేర్చుట మంచి పని. తేలికపాటి సరకుబండ్లును అందులో కలవు. కాని ఈ దారిలో నల్లని పొగ చిమ్ము పెద్దలారీకి ఆ పట్టికలో చోటు లేదు. దానికి బరువైన బ్యాటరీ కావలెను, పని కష్టమే. కష్టమైన చోటనే గదా ప్రభుత్వసహాయము కావలసినది!

ఇంకొకటి. పటాన్‌చెరు ప్రాంతమున పరిశ్రమలు ముందు వచ్చినవి. నక్కవాగు చెడిన పిమ్మట, 1990లో వ్యాజ్యము సుప్రీంకోర్టు చేరిన పిమ్మట, 1994లో ఉమ్మడి శుద్ధికర్మాగారము వచ్చినది. వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించు భారమును 2022 నాటి నియమములు తయారీదారులపై మోపినవి. ఆ నియమములు కాగితముననే నిలిచిన, పొగను మాన్పి నేలను చెరిపినవారమగుదుము. వాగు చెప్పిన పాఠమును మరల చదువవలసిన పని లేకుండ చూచుకొనుటయే వివేకము.