కథ ఎవరిది? ఒక తీర్పులోని పనితనం

సినిమా విడుదలైందో లేదో, ‘ఆ కథ నాది’ అంటూ ఒకరు ముందుకు రావడం తెలుగువాళ్లకు కొత్త కాదు. అలాంటి తగాదా కోర్టుకెక్కితే వకీళ్లు తప్పకుండా తిరగేసే తీర్పు ఒకటుంది: ఆర్.జి. ఆనంద్ వర్సెస్ డీలక్స్ ఫిల్మ్స్. 1978 ఆగస్టు 18న సుప్రీంకోర్టు ఇచ్చిన ఈ తీర్పులో ప్రధాన భాగం జస్టిస్ ముర్తజా ఫజల్ అలీ రాశారు. కాపీరైట్ పాఠంగానే కాక, ఒక తీర్పును ఎలా కట్టాలో తెలుసుకోవడానికీ దీన్ని చదవొచ్చు.

ఆనంద్ వృత్తిరీత్యా ఆర్కిటెక్ట్, అభిరుచి నాటకం. 1953లో ‘హమ్ హిందుస్తానీ’ రాశారు, మరుసటి ఏడు ఢిల్లీలో ఆడించారు. ఇరుగుపొరుగున పంజాబీ, మద్రాసీ కుటుంబాలు. పిల్లలు ప్రేమించుకుంటే పెద్దల ప్రాంతాభిమానం అడ్డొస్తుంది. ఆ నాటకాన్ని దర్శకుడు మోహన్ సెహగల్ చదివించుకుని విన్నారు. 1956లో ఆయన సినిమా ‘న్యూఢిల్లీ’ విడుదలైంది. అందులోనూ పంజాబీ అబ్బాయి, మద్రాసీ అమ్మాయి, అవే పట్టింపులు. ఆనంద్ దావా వేసి, కింది కోర్టులోనూ హైకోర్టులోనూ ఓడిపోయారు.

ఫజల్ అలీ పాత తీర్పులన్నీ వడగట్టి ఏడు సూత్రాలు తేల్చారు. వాటి వరుసలోనే పనితనమంతా ఉంది. మొదటిది గట్టి సరిహద్దు గీస్తుంది: ఆలోచనకు, ఇతివృత్తానికి, చారిత్రక, పౌరాణిక విషయానికి కాపీరైట్ లేదు, దాన్ని చెప్పిన రూపానికి, తీరుకు, అమరికకు మాత్రమే ఉంది. ఇక్కడే ఆగితే దొంగకు పండగ. అందుకే రెండోది, ఒకే ఆలోచన నుంచి పుట్టిన రచనల్లో పోలికలు సహజమంటూనే, అవి చెప్పిన తీరులోని ముఖ్య భాగాలకు చెందినవా అని చూడమంటుంది. మూడోది కొలబద్దను ఏ పండితుడికీ ఇవ్వకుండా మామూలు ప్రేక్షకుడి చేతికిస్తుంది: రెండూ చూసినవాడికి రెండోది మొదటిదానికి నకలేనని నిస్సందేహంగా అనిపించాలి. ‘నిస్సందేహంగా’ అన్న షరతే బరువంతా మోస్తుంది. లీలగా ఎక్కడో చూసినట్టుందంటే చాలదు.

నాలుగు, ఐదు సూత్రాలు ప్రతివాదికి డాలు. ఇతివృత్తం ఒకటే అయినా నడక మారి కొత్త రచన అయితే ఉల్లంఘన లేదు. కాపీ కొట్టే ఉద్దేశం లేదని చూపేంత పెద్ద తేడాలున్నా లేదు. ఆరోది బలమైన సాక్ష్యం అడుగుతుంది. ఏడోది, సినిమా పరిధి రంగస్థలం కన్నా విశాలం కాబట్టి నాటకకర్తకు రుజువు చేయడం మరింత కష్టమని ఒప్పుకుంటుంది. అయినా మొత్తం మీద సినిమా నకలేననిపిస్తే ఉల్లంఘనేనని ముగిస్తుంది. ఒక చేత్తో ఇచ్చింది రెండో చేత్తో తూకం వేయడమంటే ఇదే.

ఈ గజంతో కొలిచాక తేడాలు బయటపడ్డాయి. నాటకం ప్రాంతాభిమానాన్ని పెళ్లి వరకే చూపింది. సినిమాలో పెళ్లితో పాటు, తమ ప్రాంతం వాడు కాకపోతే ఇల్లు అద్దెకివ్వని యజమానులున్నారు, వరకట్న దురాచారం ఉంది. ఆనంద్ మళ్లీ ఓడిపోయారు. ధర్మాసనంలోని జస్టిస్ పాఠక్ మాత్రం వేరుగా రాస్తూ, రెండు కోర్టులూ ఒకే మాట చెప్పినందువల్లే తాను జోక్యం చేసుకోవడం లేదన్నట్టుగా తన సందేహాన్ని దాచకుండా నమోదు చేశారు. నాటకకర్త పక్షాన అంత మాత్రం మిగలడం తీర్పుకు అందమే.

ఇక్కడ ప్రతివాదులు వాడుకున్న రక్షణ ‘మేం తీసుకోలేదు’ అన్నది. ‘తీసుకున్నాం, కానీ చట్టం ఒప్పుకుంటుంది’ అనే రక్షణ వేరు. అది 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్: పరిశోధనతో సహా సొంత ఉపయోగం, విమర్శ, సమీక్ష, వర్తమాన ఘటనల వార్తల కోసం సముచితంగా వాడుకోవడం. ఈ రెంటినీ కలిపేసి వాదించడం వల్లే చాలా కేసులు గజిబిజి అవుతాయి.

నేటికీ వాది మూడో సూత్రం చదువుతాడు, ప్రతివాది ఐదోది చదువుతాడు. ఇద్దరూ నమ్ముకునేది ఒకే తీర్పును.