రోజూ అదే గిన్నె

ఇంట్లో కట్టి పెంచే కుక్కకు తన తిండిని తాను ఎంచుకునే వీలు లేదు. మనిషి భోజనంలో ఒక పూట కొరవడినదాన్ని మరో పూట పూడుస్తుంది. పొద్దుటి పప్పు, రాత్రి కూర, ఆదివారం మాంసం, మధ్యలో తినే పండు కలిసి, ఎవరూ లెక్క వేయకుండానే, శరీరానికి కావలసినవాటిని చాలావరకు సమకూరుస్తాయి. పెంపుడు కుక్కకు ఆ వెసులుబాటు లేదు. యజమాని ఒకసారి నిర్ణయించిన తిండే నెలల తరబడి, ఏళ్ళ తరబడి అదే గిన్నెలో పడుతుంది కనుక, ఆ నిర్ణయంలోని మేలు పేరుకున్నట్టే లోపమూ పేరుకుంటుంది. ఈ కారణం వల్లనే కుక్క ఆహారం నాణ్యతను కొలిచేటప్పుడు ధరకూ, సంచి మీది బొమ్మకూ ముందు ఒక ప్రశ్న నిలబడుతుంది: వేరే ఏదీ తినకుండా ఏళ్ళ పాటు ఆరోగ్యంగా బతకడానికి ఈ తిండి ఒక్కటే చాలుతుందా?

1969లో ఉత్పత్తి ప్రారంభించిన కేశోరాం సిమెంటు ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన బసంత్‌నగర్ కాలనీ నుంచి ఎన్టీపీసీ టౌన్‌షిప్ మీదుగా గోదావరిఖని సింగరేణి క్వార్టర్ల దాకా చూస్తే, ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన గిన్నెలు రెండు రకాలుగా కనిపిస్తాయి. మొదటిది ఇంటి తిండి: అన్నం, పెరుగో పాలో, చికెన్ సెంటర్ నుంచి తెచ్చిన కోడి తలలు, కాళ్ళు, కార్జం, కూరలో మిగిలిన బొక్కలు. రెండోది సంచి తిండి, అంటే ధాన్యపు పిండి, మాంసపు పొడి, కొవ్వు, ఖనిజాలు, విటమిన్లు కలిపి ఉడికించి, ఆరబెట్టి, గింజలుగా చేసిన ఆహారం. ఈ రెండోది దూరదేశపు సరుకు అనుకోనవసరం లేదు. పెడిగ్రీ పేరుతో కుక్కల ఆహారం అమ్మే మార్స్ సంస్థ కర్మాగారం సిద్దిపేట జిల్లాలోనే ఉంది, దాని విస్తరణకు మరో 500 కోట్ల రూపాయలు పెడుతున్నట్టు ఆ సంస్థ 2021 డిసెంబరులో ప్రకటించింది, హైదరాబాదు నుంచి బసంత్‌నగర్ మీదుగా రామగుండం చేరే రాజీవ్ రహదారి కూడా ఆ జిల్లా గుండానే సాగుతుంది.

ఇంటి తిండిలో అన్నాన్ని దోషిగా నిలబెట్టడం తగదు. మనిషి పంచన చేరిన వేల ఏళ్ళలో కుక్క శరీరం పిండిపదార్థాన్ని అరిగించుకోవడం నేర్చింది. పిండిని చక్కెరగా మార్చే అమైలేజ్ అనే జీర్ణరసానికి ఆధారమైన జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నట్టు 2013లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. కాబట్టి ఉడికిన అన్నం కుక్కకు పనికివచ్చే ఆహారమే. చిక్కంతా అన్నమే తిండి అయినప్పుడు వస్తుంది. వండిన అన్నం నూరు గ్రాములలో సుమారు 70 గ్రాములు నీరే, మాంసకృత్తులు మూడు గ్రాములకు లోపే. నీటిని తీసివేసి మిగిలిన పొడి పదార్థంలో లెక్కిస్తే మాంసకృత్తులు దాదాపు 9 శాతం, మూడు పాళ్ళ అన్నానికి ఒక పాలు పెరుగు కలిపినా 11 శాతం దాటవు. అమెరికా పశు దాణా నియంత్రణ అధికారుల సంఘం ఆఫ్కో నిర్దేశించిన కనీస స్థాయి, పొడి పదార్థంలో, ఎదిగిన కుక్కకు 18 శాతం, పిల్లకూ చూలు కుక్కకూ 22.5 శాతం. పెరుగన్నం తిన్న కుక్క కడుపు నిండి, తోక ఊపుతూనే ఉంటుంది గాని, దాని కండరాలకూ వెంట్రుకలకూ అవసరమైనదానిలో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే అందుతుంది.

ఈ లోటును మాంసంతో పూడ్చవచ్చునన్నది నిజమే, అయితే మాంసానికీ ఒక లోపం ఉంది. ఎముక లేని కోడిమాంసం నూరు గ్రాములలో భాస్వరం 200 మిల్లీగ్రాములకు దగ్గరగా ఉంటే, ఎముకలకు ప్రాణమైన కాల్షియం పదీ పదిహేను మిల్లీగ్రాములు దాటదు. కుక్క ఆహారంలో కాల్షియం భాస్వరంతో సమానంగా గాని, రెట్టింపు వరకు గాని ఉండాలి. మాంసమూ అన్నమే పెడుతూ పోతే రక్తంలో తగ్గిన కాల్షియాన్ని శరీరం తన ఎముకల్లో నుంచే తోడుకుంటుంది, అందువల్ల ఎదిగే పిల్లల కాళ్ళు వంకరపోతాయి, చిన్న గెంతుకే ఎముక విరుగుతుంది. ఈ కొరత తీరుతుందని ఉడికిన బొక్కలు వేయడం మరింత ప్రమాదం, ఎందుకంటే ఉడికిన ఎముక పదునైన చీలికలుగా విరిగి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. కార్జం మంచిదే, కాని అందులో ఎ విటమిన్ అపారంగా ఉండి శరీరంలో నిలిచిపోతుంది కనుక రోజువారీ తిండిగా పనికిరాదు. ఎండకు కొదవలేని ఈ నేలలో సైతం కుక్కకు డి విటమిన్ ఆహారం నుంచే రావాలి, మనిషి చర్మంలా దాని చర్మం ఎండలో దాన్ని తగినంత తయారుచేయలేదు. ఇక కూర మిగులుతో గిన్నెలోకి చేరే ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొట్టి రక్తహీనత తెస్తాయి. కిస్‌మిస్, ద్రాక్ష మూత్రపిండాలను దెబ్బతీయగలవు.

ఇన్ని చిక్కులు ఉన్నా ఇంటి తిండి సామాన్య కార్మిక కుటుంబానికి అందుబాటులో ఉన్న మంచి మార్గమే. పెద్దపల్లి, సుల్తానాబాద్ రైస్ మిల్లుల నూకలతో వండిన అన్నంలో ఉల్లి, మసాలా, ఉప్పు లేకుండా ఉడికించిన బొక్క లేని మాంసమో చేపో తగినంత కలిపి, వారంలో కొన్ని పూటలు గుడ్డు, కొద్దిగా గుమ్మడి లేదా క్యారెట్ చేర్చి, పశువైద్యుడు చెప్పిన మోతాదులో ఖనిజాల పొడి గాని, ఉడికించి ఎండబెట్టి మెత్తగా నూరిన గుడ్డు పెంకు గాని కలిపితే అది మొదట వేసుకున్న ప్రశ్నకు చాలావరకు నిలుస్తుంది. గుడ్డు పెంకులో మూడో వంతుకు పైగా కాల్షియమే. మోతాదు మాత్రం అంచనాతో వేయకూడదు. పెద్ద జాతి పిల్లలకు కాల్షియం తక్కువైనా ఎక్కువైనా కీళ్ళ ఎదుగుదల చెడుతుంది.

సంచి తిండిని ఎంచుకునేవారు చదవవలసింది సంచి వెనుక వైపు. మాంసకృత్తుల శాతం దగ్గర "ముడి" అనే అర్థమిచ్చే క్రూడ్ అన్న మాట ఉంటుంది. ఆహారంలోని నత్రజనిని కొలిచి, ఆ అంకెను 6.25తో గుణించి రాబట్టిన లెక్క అది. ఆ నత్రజని మంచి మాంసం నుంచి వచ్చిందో, అరగని ఈకల పొడి నుంచి వచ్చిందో ఆ అంకె చెప్పదు. 2007లో అమెరికాలో బయటపడిన దారుణం ఈ బలహీనత మీదనే నడిచింది: చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో, నత్రజని ఎక్కువగా ఉండే మెలమిన్ అనే పారిశ్రామిక రసాయనాన్ని కలిపి మాంసకృత్తులు ఎక్కువున్నట్టు చూపించారు, ఆ తిండి తిన్న కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు చెడి చనిపోయాయి. కాబట్టి శాతంతో పాటు పదార్థాల జాబితానూ చూడాలి. సాధారణంగా బరువులో ఎక్కువైనది ముందు, తక్కువైనది తర్వాత రాస్తారు గనుక కోడిమాంసం, చేప, మాంసపు పొడి వంటి జంతు పదార్థం పేరుతో సహా మొదటి వరుసల్లో ఉండటం మంచి గుర్తు. తేమ శాతం తెలియకుండా రెండు సంచులను పోల్చడం కూడా పొరపాటే: 10 శాతం తేమ ఉన్న గింజల్లో 20 శాతం మాంసకృత్తులుంటే పొడి లెక్కలో అది 22 శాతం; 80 శాతం తేమ ఉన్న గ్రేవీ ప్యాకెట్‌లో 8 శాతమే రాసి ఉన్నా పొడి లెక్కలో అది 40 శాతం.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆ ఆహారం సంపూర్ణమైనదని, అంటే అదొక్కటే తిన్నా సరిపోతుందని, ఏ వయసు కుక్కకో చెబుతూ తయారీదారు స్పష్టంగా రాసిన మాట. ఈ వాక్యం లేనిది చిరుతిండే. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం పశువుల దాణాను ఆహారం నిర్వచనంలో చేర్చలేదు కాబట్టి మనుషుల ఆహారానికి ఉండే కాపలా ఇక్కడ ఉంటుందని భావించకూడదు; భారత ప్రమాణాల సంస్థ కుక్కలు, పిల్లుల ఆహారానికి ఐఎస్ 11968 పేరుతో ఒక ప్రమాణాన్ని రూపొందించింది, దాని ప్రస్తావన ఉందేమో వెతకడం మంచిది.

పోషకాలు సరిపోయినంత మాత్రాన తిండి మంచిదైపోదు, అది చెడిపోకుండా ఉండాలి. ఈ విషయంలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చరిత్రలో ఒక గట్టి పాఠం ఉంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామాల్లో కామెర్లు, పొట్టలో నీరు చేరడం ఉన్నట్టుండి వ్యాపించి, 397 మంది జబ్బుపడగా 106 మంది మరణించారు. ఆ సంస్థ శాస్త్రవేత్త కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, ఆయన సహచరులు కారణాన్ని వెతికి, అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉందని తేల్చారు. ఆ ఇళ్ళలో అదే తిండి తిన్న పెంపుడు కుక్కలకూ అదే జబ్బు వచ్చింది. ఒకే ధాన్యం మీద రోజూ ఆధారపడినప్పుడు ఆ ధాన్యంలోని విషాన్ని పలచన చేసే మరో ఆహారం ఉండదని ఆ ఘటన మనుషుల విషయంలోనూ కుక్కల విషయంలోనూ రుజువు చేసింది. ఆస్పర్జిల్లస్ జాతి బూజు వదిలే ఈ విషం వంట వేడికి నశించదు, కాలేయాన్ని తినేస్తుంది. మక్కలు విరివిగా పండే పాత కరీంనగర్ ప్రాంతంలో, కోళ్ళకు పనికిరావని పక్కన పెట్టిన మక్కలను కుక్కకు గట్కగా వండి పెట్టకూడదు. సంచి తిండికీ మినహాయింపు లేదు; 2005 చివర అమెరికాలో ఇదే విషం చేరిన గింజల తిండి వల్ల నూరుకు పైగా కుక్కలు చనిపోయాయి.

వేసవిలో రామగుండం ప్రాంతపు ఉష్ణోగ్రత 45 డిగ్రీలు చేరుతుంది, ఆ వెంటనే వానలతో గాలిలో తేమ పెరుగుతుంది. వేడికి గింజల్లోని కొవ్వు మురుగుతుంది, విటమిన్లు తరుగుతాయి. తేమకు బూజు పడుతుంది. అందువల్ల పెద్ద సంచిని విప్పి కిలోల లెక్కన విడిగా తూచి అమ్మే సరుకును, ఎంత చౌకైనా, కొనకపోవడమే మేలు: అందులో తయారీ తేదీ, బ్యాచ్ సంఖ్య, పదార్థాల జాబితా అన్నీ పోతాయి, గాలీ తేమా చేరతాయి. నెల లోపు అయిపోయే పరిమాణంలో సీలు వేసిన సంచిని కొని, ఆ సంచితో సహా మూత బిగిసే డబ్బాలో పెట్టి చల్లని చోట ఉంచాలి. సిమెంటు దుమ్ము, బొగ్గు దుమ్ము రాలే వాకిళ్ళలో తిండిని, నీళ్ళ గిన్నెను తెరిచి వదలకపోవడం కూడా నాణ్యతలో భాగమే.

మంచి తిండి మితిమీరినా కీడే. 48 లాబ్రడార్ కుక్కలను జతలుగా విభజించి జీవితాంతం గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, తోబుట్టువు కంటే పావు వంతు తక్కువ తిన్న కుక్కల మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్ళు, మిగిలినవాటిది 11.2 ఏళ్ళు. సాధారణంగా 20 కిలోల ఎదిగిన ఇంటి కుక్కకు రోజుకు వెయ్యి కేలరీల చిల్లర చాలు. నూరు గ్రాములకు 350 కేలరీలిచ్చే గింజలైతే 300 గ్రాములు. ఇంట్లోవాళ్ళ మూడు షిఫ్టుల ప్రకారం ఒకరికి తెలియకుండా ఒకరు పెట్టే ఇళ్ళలో ఈ కొలత సులభంగా తప్పుతుంది కాబట్టి రోజు మొత్తానికి కావలసినది పొద్దున్నే ఒక డబ్బాలో కొలిచి పెట్టుకోవడం ఉత్తమం. చేతితో తడిమితే పక్కటెముకలు సులువుగా తగలాలి, కంటికి కొట్టొచ్చినట్టు కనిపించకూడదు.

ఏ తిండిని ఎంచుకున్నా పాతదానిలో కొంచెం కొంచెంగా కలుపుతూ వారం, పది రోజుల్లో మార్చి, ఆ తర్వాత నెలా రెండు నెలలు కుక్కను గమనించాలి: గట్టిగా, ఒకే తీరుగా ఉండే మలం, నిగనిగలాడే వెంట్రుకలు, నిలకడైన బరువు, తగ్గని చురుకుదనం ఎంపిక సరైనదనడానికి సాక్ష్యాలు, ఆగని దురద, వాంతులు, కళ్ళలో పసుపు, పొట్ట ఉబ్బడం కనిపిస్తే ఆ సంచిని, దాని బ్యాచ్ సంఖ్యను వెంట తీసుకుని పశువైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. నోరులేని ప్రాణి తరఫున ప్రశ్నలు అడగవలసింది యజమానే. దుకాణంలో తేదీ, బ్యాచ్, పదార్థాలు, సంపూర్ణ ఆహారమన్న మాట ఎక్కడ ఉన్నాయని అడిగి కొనేవారు ఈ కాలనీల్లో పెరిగితే, విడిగా తూచే సంచులు తగ్గుతాయి, మంచి సరుకు తెప్పించక తప్పని స్థితి అమ్మేవారికి వస్తుంది, ఆ మేలు ఒక్క ఇంటి కుక్కకే కాక ఊరి కుక్కలన్నిటికీ అందుతుంది.