మాక్బెత్ విందులోని ఖాళీ ఆసనము

మాక్బెత్ కథను క్లుప్తముగా చెప్పువారు సాధారణముగా మంత్రగత్తెలతో ఆరంభింతురు. వారు ఆశ పుట్టించిరి, భార్య పురికొల్పెను, అతడు రాజును చంపెను. ఇట్లు చెప్పినచో కథ సులభముగనే ముగియును గాని నాయకుడు మిగులడు. ఇతరుల చేతిలోని కత్తియై పోవును. నాటకమును జాగ్రత్తగా చదివినచో, తొలి సమావేశమున ఆ ముగ్గురు స్త్రీలు హత్య యను మాటనే పలుకలేదని తెలియును. రాజువగుదువని మాత్రమే వారనిరి. చంపవలెనను తలంపు వినినవాని మనస్సులోనిది.

దీనికి సాక్షి బాంకో. ఆ బీటినేల మీద అతడును ఉన్నాడు. అతని సంతతివారు రాజులగుదురని అతనికిని జోస్యము లభించినది. అతనికి ఆశ కలుగకపోలేదు, పీడకలలు రాకపోలేదు. కాని అతడు కత్తి పట్టలేదు. షేక్స్పియరు ఈ కథను గ్రహించిన హాలిన్‌షెడ్ చరిత్రలో (1587 నాటి ముద్రణ) డంకన్ హత్యకు బాంకో తోడ్పడినవాడే. నాటి రాజు మొదటి జేమ్స్ బాంకో వంశీయుడనని చెప్పుకొనెడివాడు గనుక, కవి రాజప్రీతికై ఆ మచ్చను తుడిచెనని పండితులందురు. కావచ్చును. కాని రాజును మెప్పించుటకు చేసిన మార్పే నాటకమునకు ప్రాణమైనది. ఇరువురును ఒకే మాటలు వినిరి, ఒకడే హంతకుడైనాడు.

ఈ నాటకమున అతీతశక్తి నడచిన త్రోవ గమనింపదగినది. మంత్రగత్తెలను ఇద్దరు చూచిరి. గాలిలో వ్రేలాడిన బాకును మాక్బెత్ ఒక్కడే చూచినాడు. చూచుచునే అది తన వేడెక్కిన మెదడు కల్పించినదేమో యని శంకించినాడు. ఇక నిద్ర లేదను కేకను అతడొక్కడే వినినాడు. తరువాత బాంకో ప్రేతము సామంతులందరి నడుమ వచ్చి అతని ఆసనమున కూర్చున్నది. తక్కినవారికది ఖాళీ పీట. నాల్గవ అంకమున మంత్రగత్తెలు మరల కనబడుట నిజమే, కాని ఈసారి వారిని వెదకికొని పోయినవాడు అతడే. వెంటనే వచ్చిన లెనాక్స్ వారిని చూడనేలేదు. తుదకు రాణి నిద్రలో నడచుచు చేతులు తోముకొనునప్పుడు భూతము లేదు, జోస్యము లేదు. ఒక వైద్యుడు, ఒక పరిచారిక, ఒక దీపము.

విందు ఘట్టమును ప్రదర్శించుటలో పాత వివాదమొకటి కలదు. ప్రేతమును ప్రేక్షకులకు చూపవలెనా, ఖాళీ ఆసనముతో సరిపెట్టవలెనా? 1611లో గ్లోబు నాటకశాలలో ఈ ప్రదర్శనమును చూచిన సైమన్ ఫోర్మన్ ప్రేతము వచ్చి కూర్చుండుటను తన దినచర్యలో వ్రాసికొన్నాడు. 1623 నాటి ముద్రణలోను ఆ సూచన కలదు. 1794లో లండను డ్రూరీలేన్ రంగమున కెంబుల్ ప్రేతమును తొలగించి ఆసనమును ఖాళీగా ఉంచెను. ఆ పద్ధతి వివేకవంతముగా తోచును. భ్రాంతి భ్రాంతిగానే మిగులును గదా!

నేను దీనికి సమ్మతింపజాలను. ఆసనము ఖాళీగా ఉన్నచో మనము అతిథుల పంక్తిలో చేరుదుము. రాజునకు మతి చలించినదని జాలిపడి ఊరకుందుము. ప్రేతము కనబడినచో మనము మాక్బెత్ ప్రక్కన కూర్చుందుము. నిండు సభలో ఒంటరితనమెట్టిదో అప్పుడు తెలియును. బాకును మాత్రము చూపరాదు. దానిని అతడే శంకించినాడు. ప్రేతమును శంకింపలేదు, దానితో వాదులాడినాడు.

మాక్బెత్ స్థితిని తెలుగున పశ్చాత్తాపమనుట కూడ నాకు పొసగదనిపించును. హామ్లెట్ నాటకములో క్లాడియస్ మోకరిల్లి పశ్చాత్తాపమునకై ప్రయత్నించి విఫలుడగును. మాక్బెత్ ఆ ప్రయత్నమైనను చేయడు. హత్యానంతరము అతనిని మొదట బాధించినది ఒక చిన్న మాట: ప్రక్క గదిలో నిద్ర లేచినవారు ప్రార్థించుకొనగా తాను ఆమెన్ అనలేకపోయినాడు. దీనిని తథాస్తు అని తెనిగించిన సులువుగా ఉండును. కాని మనలో తథాస్తు అనువాడు దీవెన నిచ్చువాడు, లేదా దేవత. ఇచ్చట మాక్బెత్ దీవెనను కోరువాడు. ఇతరుల ప్రార్థనలో చిన్న పాలు అడుగుచు గొంతు పెగలక నిలిచినవాడు. ఆ మాటను ఆమెన్ అనియే ఉంచుట మేలు.