కంప్యూటరు పలుకు: గుణదోష విచారణ

ఆపరేటింగ్ సిస్టమును కొత్తగా ఎక్కించిన పిదప కంప్యూటరు తెరపై కొన్ని పంక్తులు వరుసగా పరుగెత్తును. తనకు అమర్చిన పరికరములను యంత్రము ఒక్కొక్కటిగా గుర్తించుచు పలుకు మాటలవి. వాటి నడుమ ‘ఫెయిల్డ్’ అను పదము కనబడినచో, బాపులపాడు వంటి ఊరి పాఠశాలలో చక్కని యంత్రము సైతము పాత సామాను గదికి చేరవచ్చును. కావున ఈ సందేశములను కూడ ఒక రచనగా నెంచి, వాటి మంచిచెడ్డలను విచారించుట అవసరము.

ముందుగా మంచిని చెప్పుదము. పి.సి.ఐ. పద్ధతిలో ప్రతి పరికరము తన తయారీదారు సంఖ్యను, తన రకపు సంఖ్యను తెలుపుకొనును. ఇంటెల్ సంస్థ సంఖ్య 8086. 1978లో ఆ సంస్థ వెలువరించిన ప్రాసెసరు పేరును అదియే. ఈ సంఖ్యలను బట్టి లినక్స్ కెర్నెల్ తగిన డ్రైవరును వెదకును. కొన్నిటికి డ్రైవరు ఒక్కటియే చాలదు. ఫర్మ్‌వేర్ అను మరియొక ఫైలును పరికరములోనికి పంపవలెను. ఈ పనులలో ఎదురైన చిక్కులను కెర్నెల్ దాచదు. ఇది మెచ్చదగిన గుణము.

దోషమెల్ల చెప్పు తీరులోనే యున్నది. ఫర్మ్‌వేర్ ఫైలు లేనప్పుడు కెర్నెల్ ‘ఫెయిల్డ్’ అని, దాని ప్రక్కన ‘ఎర్రర్ మైనస్ 2’ అని వ్రాయును. ఆ 2కు అర్థము ‘అట్టి ఫైలు లేదు’ అని మాత్రమే! అసలు సంగతి అంకెలో దాగినది. భయపెట్టు మాట ముందు నిలిచినది. విండోసులోని 28వ కోడు ‘ఈ పరికరమునకు డ్రైవర్లు ఎక్కింపబడలేదు’ అని వాక్యములోనే చెప్పును. ఈ ఒక్క విషయమున అదియే మేలు.

సి-డాక్ సంస్థ 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్ తెలుగులోను పనిచేయును. కాని కెర్నెల్ పలుకులు మాత్రము ఇంగ్లీషులోనే వచ్చును. వాటిని తెనిగించినచో చిక్కు తీరునా? తీరదు. ‘ఫెయిల్డ్’కు బదులు ‘విఫలము’ అన్నను, ఏది విఫలమైనదో తెలియదు. తొడిమ వద్ద సొన కారినంత మాత్రమున మామిడికాయ కుళ్ళినదని నూజివీడు రైతు అనడు గదా!

సందేశము మూడు స్థితులను వేరుచేసి చెప్పవలెను: పరికరము కానరాలేదు, కనబడినది గాని దానికి కావలసిన ఫైలు లేదు, ఫైలున్నను పరికరము పలుకలేదు. మొదటిదానికి అమరికను, తీగలను చూడవలెను. రెండవదానికి ఫైలును తెచ్చి చేర్చవలెను. మరమ్మతు మాట మూడవదానికే.

బాసుకు మూలమైన డెబియన్ 2022లో జరిగిన వోటు ననుసరించి, 2023 జూనులో వచ్చిన 12వ వెర్షను నుండి అట్టి ఫర్మ్‌వేరును తన ఇన్‌స్టాలరులోనే చేర్చినది. దీనిచే చిక్కు తగ్గినది గాని, సందేశము మారలేదు. అది మారువరకు ఉపాధ్యాయులు విద్యార్థులచేత ‘ఎల్‌ఎస్‌పిసిఐ’ అను ఆజ్ఞను ఇప్పించి చూపవచ్చును. డ్రైవరు లేకున్నను, కంటబడిన పి.సి.ఐ. పరికరము ఆ జాబితాలో నుండును. అందు పేరున్న పరికరమును చెడినదని తొందరపడి అనరాదు.